జింకు లోపమా? గ్రీనింగ్ తెగులా?

మన కాలనీ క్వార్టర్ల పెరళ్లలో నిమ్మచెట్టుకు ప్రత్యేక స్థానమున్నది. ఆకులు పసుపుబారిన వెంటనే జింకు లోపమని తీర్మానించి, మందునీళ్లు చల్లి ఊరుకోవడం పరిపాటి. చాలాసార్లు ఆ ఊహ నిజమే కావచ్చు. అయితే అదే వేషంలో వచ్చే గ్రీనింగ్ తెగులుకు ఏ ఎరువూ పనిచేయదు.

ఈ తెగులుకు మూలం ఒక బాక్టీరియా. ఆకులలో తయారైన ఆహారాన్ని వేర్లకు చేరవేసే పోషక కణజాలంలో అది నివసిస్తుంది. మార్గం మూసుకుపోగా పిండిపదార్థం ఆకులలోనే పేరుకొని, వేర్లు క్రమంగా కృశిస్తాయి. దీనిని చెట్టునుండి చెట్టుకు మోసేది సిల్లిడ్ అనే పురుగు. మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించని ఈ పురుగు తల వంచి, తోక పైకెత్తి లేతచిగుళ్లపై కూర్చుంటుంది. ఆ భంగిమ చూసినవారు మరల పొరబడరు. మన దేశంలో తెగులును వ్యాపింపజేయునది ఇదేనని కపూర్, ఆయన సహచరులు 1967లో నిరూపించారు. అంటుకట్టుట వలన కూడ వ్యాపించునని చైనాలో లిన్ 1956లోనే చూపినారు. అంతకు పూర్వం నేల దోషమనీ, నీటి ముంపనీ పలువురు భావించేవారు.

జింకు లోపంలో ఈనెలు పచ్చగా నిలిచి, నడిమి ఈనెకు ఇరువైపులా పసుపు సమానంగా కనిపిస్తుంది. గ్రీనింగ్‌లో మచ్చలు ఈనెలను దాటి, ఒకవైపు ఒకరీతిగా, మరొకవైపు వేరొకరీతిగా ఉంటాయి. తరచు మొదట ఒక్క కొమ్మే పాలిపోతుంది. కాయ వంకరపోయి, గింజలు తాలుబోయి, అడుగుభాగం పచ్చగానే మిగులుతుంది. పేరు అందుకే వచ్చినది. తుది నిర్ధారణ మాత్రం ప్రయోగశాలలోనే.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లోను, తెగులు 2005లోను బయటపడినవి. 2003-04లో సుమారు 24 కోట్ల పెట్టెలున్న నారింజ దిగుబడి 2022-23 నాటికి 1.6 కోట్లకు పడిపోయింది. తుపానుల పాత్రా లేకపోలేదు గాని, ప్రధాన దోషి ఈ తెగులే. రాయలసీమ చీనీ తోటలు, నల్గొండ బత్తాయి తోటలు గల మనకు ఇది దూరపు వార్త కాదు.

సోకిన చెట్టును పూర్తిగా నయం చేసే మందు లేదు. దానిని వేళ్లతో పెకలించవలసినదే. ఇల్లాలికి మనసొప్పని పని! చిగురు వేసే రోజులలో పురుగుపై నిఘా ఉంచాలి. కరివేపాకు చిగుళ్లపైనా ఇది గుడ్లు పెడుతుందన్న సంగతి మరువరాదు. బదిలీ వేళ సామాన్ల లారీలో నిమ్మ, కరివేపాకు కుండీలను కొత్త ఊరికి తరలించకుండుట మేలు. అక్కడ నాటదలచినవారు ధ్రువీకరించిన నర్సరీ అంట్లనే కొనాలి. నాగపూరులోని కేంద్ర నిమ్మజాతి పరిశోధనా సంస్థ తెగులు లేని అంట్లను పెంచి సరఫరా చేస్తున్నది.