కాంతిని దాటిన పరుగు: అపోహలు – వాస్తవాలు

కాంతి కన్నా వేగంగా గిర్రున తిరిగే మూలం నుంచి రేడియో తరంగాలు పుడతాయని ఎక్కడైనా వార్త వస్తే చాలు, చర్చ రెండుగా చీలిపోతుంది. ఐన్‌స్టీన్ సిద్ధాంతం కూలిపోయిందని కొందరు సంబరపడతారు. అదంతా కట్టుకథని మరికొందరు కొట్టిపారేస్తారు. రెండూ పొరపాటే.

అపోహ: విశ్వంలో ఏదీ కాంతి వేగాన్ని మించదు.

మించేవి ఉన్నాయి. కామారెడ్డి జిల్లా డోంగ్లి మండలంలో రాత్రిపూట శనగ చేనుకు నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతు, చేతిలోని టార్చిని దిగంతం నుంచి నడినెత్తి దాకా ఒక్క సెకనులో తిప్పాడనుకుందాం. చంద్రుడున్నంత దూరంలో, అంటే సుమారు 3,84,000 కిలోమీటర్ల అవతల, ఆ వెలుగు పడే చోటు ఒక్క సెకనులో 6 లక్షల కిలోమీటర్లు జరుగుతుంది. కాంతి వేగం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లే. అంత దూరాన టార్చి వెలుగు కంటికి ఆనదు గానీ లెక్కలో తేడా రాదు. కాంతికి రెట్టింపు వేగాన్ని పుట్టించడానికి ఒక మణికట్టు చాలు!

మరి ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన హద్దు ఏమైనట్టు? అది చెక్కుచెదరలేదు. అక్కడ ఒక చోటి నుంచి పక్క చోటికి ఏ వస్తువూ ప్రయాణించలేదు. ప్రతి కాంతి కణమూ టార్చి నుంచే విడిగా బయల్దేరి మామూలు వేగంతోనే వెళ్లింది. వెలుగు పడిన మొదటి చోట ఎవరైనా ఉంటే, రెండో చోట ఉన్నవాళ్లకు ఆ వెలుగు ద్వారా కబురు పంపలేరు. హద్దు పదార్థానికి, శక్తికి, కబురుకు. వరుసగా వెలిగే చోట్లకు కాదు.

అపోహ: అలాంటప్పుడు అది కేవలం కంటి భ్రమ, దాని నుంచి తరంగాలు పుట్టవు.

అసలు విశేషం ఇక్కడే ఉంది. వినాయక చవితి పందిళ్ల దగ్గర సీరియల్ బల్బుల్లో వెలుగు పరుగులు తీస్తుంది, ఒక్క బల్బు కూడా కదలదు. ఆ బల్బుల స్థానంలో అణువుల్లోని విద్యుదావేశాలను పెట్టి చూడాలి. ధనావేశం ఇటు, రుణావేశం అటు రవ్వంత జరిగితే దాన్ని ధ్రువణం అంటారు. ఒకదాని పక్కన ఒకటి, తగిన సమయం చూసి వరుసగా ఇలా జరిగితే, ఆ ధ్రువణపు అల కాంతిని మించిన వేగంతో పరుగెత్తగలదు. ఏ ఆవేశమూ ఉన్నచోటు వదిలి పోదు. అయినా కదిలిన ప్రతి ఆవేశమూ నిజంగానే విద్యుదయస్కాంత తరంగాన్ని వెదజల్లుతుంది. బొలొటోవ్‌స్కీ, గింజ్‌బర్గ్ అనే సోవియట్ భౌతిక శాస్త్రవేత్తలు 1972లోనే దీని సిద్ధాంతాన్ని వివరంగా రాశారు. గింజ్‌బర్గ్‌కు మరో పరిశోధనకు 2003లో నోబెల్ వచ్చింది.

దీన్ని ప్రయోగశాలలోనూ చేసి చూశారు. విల్లులా వంగిన అల్యూమినా పట్టీ మీద వరుసగా ఎలక్ట్రోడ్లు అమర్చి, ఒక్కోదానికి కొద్దికొద్ది ఆలస్యంతో వోల్టేజీ అందించిన పరికరంతో చేసిన ప్రయోగం ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. మూలం వంపులో పరుగెత్తడం వల్ల ఒక వింత జరుగుతుంది. వేర్వేరు క్షణాల్లో బయల్దేరిన తరంగాలు కొన్ని దిక్కుల్లో ఒకేసారి చేరి కుప్పపడతాయి. చాలాసేపు పుట్టిన సంకేతం చూసేవారికి క్షణకాలపు తీవ్రమైన మెరుపులా అందుతుంది.

అపోహ: పల్సార్లు కాంతి కన్నా వేగంగా తిరుగుతాయి.

డిసెంబరు నడిరాత్రి డోంగ్లిలో తలెత్తితే కృత్తికలు, ఎర్రటి రోహిణి, ఆ పక్కన వృషభం కొమ్ము కొస కనిపిస్తాయి. ఆ కొస దగ్గరే, దాదాపు నడినెత్తిన, కంటికి ఆనని క్రాబ్ నెబ్యులా ఉంది. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతున్న 1054లో అక్కడ నక్షత్రం పేలడాన్ని చైనా జ్యోతిష్కులు చూసి నమోదు చేశారు. ఆ పేలుడులో మిగిలిన న్యూట్రాన్ తార ఒక పల్సార్, అంటే తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే తార. అది సెకనుకు 30 చుట్లు తిరుగుతోంది. దాని వ్యాసార్ధం పది కిలోమీటర్లు అనుకున్నా ఉపరితల వేగం సెకనుకు 1,900 కిలోమీటర్లు మించదు. కాంతి వేగంలో ఒక శాతం కూడా కాదు!

అయితే ఆ తారతో పాటు దాని అయస్కాంత క్షేత్రమూ తిరుగుతుంది. కేంద్రం నుంచి సుమారు 1,600 కిలోమీటర్లు దాటాక, తారతో సమంగా తిరగాలంటే కాంతిని మించాలి. పదార్థం అలా తిరగలేదు, ధ్రువణపు అల తిరగగలదు. పల్సార్ స్పందనలు అక్కడే పుడుతున్నాయని హుషాంగ్ అర్దవాన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు. కొన్ని దిక్కుల్లో ఆ స్పందనల తీవ్రత, మామూలుగా దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోయే బదులు, సగానికే తగ్గుతుందనీ అన్నారు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ హానే దాన్ని గణితపరంగా తప్పుబట్టారు. పల్సార్ పరిశోధకుల్లో ఎక్కువమంది ఈ నమూనాను ఒప్పుకోలేదు. కాబట్టి కాంతిని మించిన మూలం ఉండగలదన్నది నిరూపితం, పల్సార్లు దానివల్లే మెరుస్తాయన్నది ఇంకా ప్రతిపాదనే. ఈ రెంటినీ కలిపేయడం వల్లే వార్తల్లో గందరగోళం మొదలవుతుంది.

అపోహ: పదార్థ కణాలు కాంతిని ఎన్నడూ ఓడించలేవు.

శూన్యంలో ఓడించలేవు. నీటిలో కాంతి సెకనుకు 2,25,000 కిలోమీటర్లకు తగ్గిపోతుంది, అక్కడ ఎలక్ట్రాన్ దాన్ని దాటేయగలదు. అప్పుడు పుట్టే నీలి వెలుగును చెరెన్‌కోవ్ అనే శాస్త్రవేత్త 1934లో వెల్లడించారు. ఫ్రాంక్, టామ్ 1937లో కారణం చెప్పారు. ముగ్గురికీ 1958లో నోబెల్ దక్కింది. గాలిలో కాంతి తగ్గేది సెకనుకు 90 కిలోమీటర్లే. ఆ చిన్న తేడా మీదే లద్దాఖ్‌లోని హాన్లేలో 21 మీటర్ల మేస్ టెలిస్కోపు పనిచేస్తోంది. గామా కిరణం వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టుకొచ్చే ఎలక్ట్రాన్లు గాలిలో కాంతిని దాటి మెరిపించే నానోసెకన్ల వెలుగును అది పట్టుకుంటుంది. భాభా అణు పరిశోధనా కేంద్రం కోసం హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ దీని నిర్మాణంలో పాలుపంచుకుంది. 2024 అక్టోబరులో ప్రారంభమైన ఈ టెలిస్కోపు గుర్తించిన గామా కిరణ మూలాల్లో క్రాబ్ నెబ్యులా ఒకటి.