కారులో ‘ఆటో’ ఏసీ.. దానికి తెలిసింది కొంతే!

విజయవాడ: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని నానుడి. ఆ ఎండలో బెంజి సర్కిల్ పరిసరాల్లో మధ్యాహ్నమంతా నిలిపి ఉంచిన కారు తలుపు తీస్తే కొలిమి ముందు నిలుచున్నట్లే ఉంటుంది. యజమాని చేసే మొదటి పని, తెరపై ‘లో’ అని కనిపించే వరకు ఏసీ అంకెను తగ్గించడం. పావుగంటకు చేతులు కొయ్యబారుతాయి. వెంటనే 27కు పెంచుతారు. ఉక్కపోస్తోందని వెనుక సీటు నుంచి ఫిర్యాదు. మళ్లీ 20. ఇల్లు చేరే వరకు ఇదే తంతు. అదనంగా సొమ్ము చెల్లించి ‘ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్’ ఉన్న కారును కొన్నవారు సైతం దానిని పాత ఏసీ మాదిరిగానే వాడుతున్నారు.

అంకె దేనికి?

పాత విధానంలో మీట తిప్పితే గాలి ఎంత చల్లగా రావాలన్నది మాత్రమే మారుతుంది. ఆటో విధానంలో తెరపై కనిపించే అంకె అది కాదు. కారు లోపల నిలకడగా ఉండవలసిన ఉష్ణోగ్రత. అమెరికాలో క్యాడిలాక్ సంస్థ 1964 మోడల్ కార్లలో ఈ విధానాన్ని ప్రవేశపెట్టింది. నాటికీ నేటికీ సూత్రం ఒక్కటే. లోపలి వేడిని కొలిచే సెన్సర్ సాధారణంగా స్టీరింగు సమీపంలో చిన్న జాలీ వెనుక ఉంటుంది. బయటి వేడిని కొలిచేది ముందు బంపరు వెనుక, ఎండ తీవ్రతను పసిగట్టేది అద్దం కింద డ్యాష్‌బోర్డుపై అమర్చి ఉంటాయి. వీటి సమాచారాన్ని బట్టి చల్లగాలిలో వేడిగాలిని ఎంత కలపాలి, ఫ్యాను ఎంత వేగంతో తిరగాలి, గాలి ముఖానికా కాళ్లకా అన్నది యంత్రమే నిర్ణయిస్తుంది.

అందుకే ‘లో’ పెడితే కారు త్వరగా చల్లబడుతుందన్నది అపోహ. లోపల బాగా వేడెక్కినప్పుడు 24 పెట్టినా కంప్రెసర్, ఫ్యాను దాదాపు పూర్తి శక్తితోనే పనిచేస్తాయి. తేడా తరువాతే. 24కు చేరువ కాగానే యంత్రం తనంతట తాను తగ్గుతుంది. ‘లో’ పెడితే ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. గదుల ఏసీలు 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా ఉండాలన్న నిబంధన మన దేశంలో 2020 నుంచి ఉంది. కార్లకు అటువంటిదేమీ లేకపోయినా 24 నుంచి 25 మధ్య ఒక అంకె ఎంచుకుని, పది నిమిషాలు ఓపిక పడితే చాలు. ఆ ఓపికే కరవవుతోంది.

ఏసీ వేయడానికి ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. 100 ఫారన్‌హీట్, అంటే సుమారు 38 డిగ్రీలు దాటిన ఎండలో గంటసేపు నిలిపిన కార్లను అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం లోపలి గాలి సగటున 47 డిగ్రీలకు, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలకు చేరాయి. ఆ వేడిగాలిని ఏసీతో చల్లబరచడం కంటే అద్దాలు దించి ఒకటి రెండు నిమిషాలు కారును నడిపి బయటకు పంపడం తేలిక.

దేవుడి పటం కింద సెన్సర్

కొత్త కారును దుర్గ గుడికి తీసుకువెళ్లి పూజ చేయించడం ఇక్కడి ఆనవాయితీ. ఆపై డ్యాష్‌బోర్డు మీద అమ్మవారి ప్రతిమ, పూలదండ, సెంటు సీసా చేరతాయి. ఎండ కొట్టకుండా కొందరు తువ్వాలు పరుస్తారు. నల్లటి చిన్న బొడిపెలా ఉండే ఎండ సెన్సర్ వీటి కింద కప్పబడిపోతుంది. నడినెత్తిన సూర్యుడున్నా యంత్రానికి నీడగానే తోస్తుంది. ఏసీ సరిగా రావడం లేదని మెకానిక్ వద్దకు వెళ్లే ముందు ప్రతిమను జానెడు పక్కకు జరిపి చూడటం మేలు. గ్యాసు ‘అయిపోయింది’ అనే మాట విన్నప్పుడూ జాగ్రత్త అవసరం. పెట్రోలులా అది ఖర్చయ్యేది కాదు. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్లే. లీకును సరిచేయకుండా నింపితే ఆ సొమ్ము వృథా.

అద్దం మసకేస్తే..

మంచు కురిసే పుష్యమాసపు తెల్లవారుజామున హైదరాబాద్ రహదారిపై ముందు అద్దం మసకబారడం ఎందరికో అనుభవమే. మసక లోపలా, బయటా అన్నది ముందు వేలితో తుడిచి తెలుసుకోవాలి. లోపలిదైతే అది ప్రయాణికుల ఊపిరిలోని తేమ. బయటి గాలిని రానిచ్చి, ఏసీని ఆపకుండా ముందు అద్దం గుర్తు ఉన్న మీట నొక్కాలి. చలిగా ఉందని ఏసీ ఆపేస్తే తేమను పీల్చే దిక్కుండదు. వర్షాకాలంలో కోస్తా ఉక్కపోతకు మసక తరచూ బయటివైపు పడుతుంది. అద్దం మరీ చల్లబడటమే ఇందుకు కారణం. అప్పుడు వైపరు వేసి, ఉష్ణోగ్రత పెంచి, గాలిని అద్దంపైకి కాక కాళ్లవైపు మళ్లించాలి. ఒకదానికి చేయవలసింది మరొకదానికి చేస్తే మసక పెరుగుతుంది.

యంత్రానికి కనిపించనివి

ఇంతవరకు సుఖానికి సంబంధించినవి. ప్రాణానికి సంబంధించినవి వేరు. ఖరీదైన కొన్ని మోడళ్లను మినహాయిస్తే ఈ వ్యవస్థ కొలిచేది వేడినే కానీ లోపలి గాలి ఎంత నిల్వదన్నది కాదు. లోపలి గాలినే తిప్పే మీటను చేత్తో నొక్కి ఉంచితే చాలా కార్లలో అది అలాగే ఉండిపోతుంది. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు సుమారు 420 పీపీఎం. నలుగురైదుగురు ఎక్కి తలుపులు బిగించిన కారులో అది కొద్దిసేపటికే వేలల్లోకి చేరుతుంది. తల బరువెక్కి, కునుకు ముంచుకొస్తుంది. రాత్రి ప్రయాణంలో డ్రైవరుకు పట్టే కునుకును అలసటగా మాత్రమే భావించరాదు. మధ్యమధ్య బయటి గాలి మీట నొక్కాలి.

కల్యాణ మండపాల ఆవరణలో, అపార్టుమెంటు సెల్లార్లలో ఇంజిను ఆపకుండా ఏసీ వేసుకుని నిద్రించే డ్రైవర్లది మరింత ప్రమాదకరమైన అలవాటు. పొగ గొట్టంలో చిల్లు ఉన్నా, గాలి కదలని చోటైనా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు. దానికి రంగు, వాసన ఉండవు. నిద్రలో ఉన్నవారికి మేల్కొనే అవకాశమూ చిక్కదు. తెరపై మాత్రం 24 అని కనిపిస్తూనే ఉంటుంది. పిల్లలను కారులో ఉంచి ‘ఏసీ వేసే ఉందిగా’ అని దుకాణంలోకి వెళ్లేవారూ ఉన్నారు. ఇంజిను ఏ కారణంగా ఆగినా ఏసీ దానితోపాటే ఆగుతుంది. మూసిన అద్దాల వెనుక వేడి నిమిషాల్లోనే పెరుగుతుంది.

విద్యుత్తు కార్లకు పొగ గొట్టమే లేదు కనుక వాటి నుంచి కార్బన్ మోనాక్సైడ్ రాదు. కానీ సెల్లారులో పక్కనే మరో వాహనం ఇంజిను నడుస్తుంటే ఆ పొగ వీటిలోకీ వస్తుంది.