సంత్రాగాఛి శరద్వర్ణాలు

శరత్కాల ఛాయాచిత్రాలు అనగానే కాశ్మీరులో ఎర్రబారిన చినార్ వృక్షాలు స్ఫురిస్తాయి. శీతల ప్రాంతాలలో పగటి వేళ తగ్గి చలి ముదిరినప్పుడు ఆకులలోని పత్రహరితం క్షీణించి, దాని చాటున ఉన్న పసుపు వన్నె బయటపడుతుంది. బెంగాల్ మైదానంలో మాత్రం శరత్తు ఆకులకన్నా గడ్డిలోను, నీటిలోను ఎక్కువగా రంగులు చూపుతుంది.

ఆంధ్ర ప్రాంతం నుండి వెళ్లే రైళ్లు హౌరా చేరబోయే ముందు దాటే సంత్రాగాఛి ఇందుకు తార్కాణం. దుర్గాపూజ నాటికి బెంగాల్ అంతటా రెల్లు తెల్లగా పూస్తుంది. గోదావరి లంకలలో పూసేదీ ఇదే. శరత్తు ముగిసి చలి మొదలైన కొద్దీ స్టేషను చెంతనున్న చెరువుకు వేలాది చిన్న ఈల బాతులు, హిమాలయాల ఆవలి నుండి కొన్ని సూదితోక బాతులు చేరుకుంటాయి. ఉదయపు ఏటవాలు వెలుగులో, టెలిఫోటో లెన్స్‌తో ఒడ్డు నుండే వాటిని చిత్రించవచ్చు.

చిత్రంలో అందగించే ఊదా పూల గుర్రపుడెక్కే ఈ చెరువుకు ముప్పు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ మొక్క నీటినంతా కప్పితే పక్షులు దిగలేవు. పూర్తిగా తొలగిస్తే వాటికి విశ్రమించే తావుండదు. అందుచేత చలికాలానికి ముందు చాలా భాగం తీసివేసి, కొంత దీవులుగా మిగల్చవలసి ఉంటుంది. ఒకే చోట నిలిచి ఏటేటా తీసిన చిత్రాలు అందంతోపాటు ఈ సమతూకాన్ని కూడా నమోదు చేస్తాయి.