అప్పు లేకుండా సముద్ర తీరానికి

పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాలలో షిఫ్టులు చేసే తండ్రులకు విహారయాత్ర అనగానే అప్పు గుర్తుకు వస్తుంది. పిల్లలకు సముద్రం చూపించాలన్న కోరిక ఏటేటా వాయిదా పడుతుంది.

వారపు సెలవుకు మరో రెండు రోజులు కలిస్తే చాలు. లింగంపల్లి నుంచి ఉదయమే బయలుదేరే జన్మభూమి ఎక్స్‌ప్రెస్ గుంటూరు, విజయవాడల మీదుగా రాత్రికి విశాఖపట్నం చేరుతుంది. సెకండ్ సిట్టింగ్ టిక్కెట్టు చవక. దారిలో తినడానికి రొట్టెలు, కూర ఇంటివే. మరునాడు సిటీ బస్సులో రుషికొండ, డచ్చివారి పాత సమాధులున్న భీమిలి చూడవచ్చు. అలల వద్ద పిల్లల చేయి వదలరాదు. ప్రయాణికునికి నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండే. కనుక దానిని విడిచేందుకు సాకు లేదు.

సముద్రం చూడటానికి రుసుము లేదు. మిగతా ఖర్చుకు నెలనెలా కొంత దాచితే వడ్డీ అప్పు జోలికి పోనవసరం లేదు.