కూలిన డోమ్, మిగిలిన అప్పు

అమెరికాలో 1960, 70 దశకాల్లో చాలా పెద్ద నగరాలు ఒకే లెక్క వేసుకున్నాయి. బేస్‌బాల్‌కు ఒక స్టేడియం, అమెరికన్ ఫుట్‌బాల్‌కు మరొకటి ఎందుకు, రెండిటికీ సరిపడేలా ఒక్కటే కడితే బోలెడు ఖర్చు తగ్గుతుంది కదా అనుకున్నాయి. సెయింట్ లూయిస్, పిట్స్‌బర్గ్, సిన్సినాటి, ఫిలడెల్ఫియా అలాగే కట్టుకున్నాయి. ఈ రోజున ఆ రెండు ఆటల అగ్రశ్రేణి జట్లు పంచుకునే స్టేడియం దేశం మొత్తం మీద ఒక్కటీ లేదు. ఆఖరుగా మిగిలిన ఓక్లండ్ స్టేడియం నుంచి కూడా ఫుట్‌బాల్ జట్టు 2019 సీజన్ తర్వాత వెళ్లిపోయింది. అంత పొదుపుగా కనిపించిన లెక్క ఎక్కడ తప్పింది? ఇప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన సియాటిల్‌లో కింగ్‌డోమ్ అనే స్టేడియం లేచిన తీరు, కూలిన తీరు చూస్తే ఇది బాగా అర్థమవుతుంది.

జట్టు కోసం ఒక కప్పు

సియాటిల్ నగరం కింగ్ కౌంటీలో ఉంది. 1968 ఫిబ్రవరిలో ఆ కౌంటీ ఓటర్లు స్టేడియం కోసం 4 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకున్నారు. అక్కడి స్థానిక ప్రభుత్వాలు పెద్ద నిర్మాణాలకు ఇలా బాండ్లు అమ్మి అప్పు తెస్తాయి. ఏళ్ల తరబడి పన్నుల రాబడితో వడ్డీతో సహా తీరుస్తాయి.

1969లో పైలట్స్ అనే బేస్‌బాల్ జట్టు వచ్చింది. పాత మైదానంలో ఒకే ఒక్క సీజన్ ఆడి, దివాలా తీసి, మిల్వాకీకి తరలిపోయింది. అక్కడి ప్రభుత్వాలు బేస్‌బాల్ లీగ్ మీద దావా వేశాయి. ఆ తగాదా రాజీకి వచ్చాకే 1977లో మారినర్స్ అనే కొత్త బేస్‌బాల్ జట్టు సియాటిల్‌కు దక్కింది.

స్థలం ఎంపిక కూడా సులువుగా తేలలేదు. చివరికి రైల్వే స్టేషన్ పక్కన, చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ మూలాల వాళ్లు ఎక్కువగా బతికే ఇంటర్నేషనల్ డిస్ట్రిక్ట్ అంచున ఖాయమైంది. 1972 నవంబరు 2న శంకుస్థాపన జరుగుతుంటే ఆ పేటకు చెందిన యువకులు నిరసన తెలిపి, వేదిక వైపు మట్టి ముద్దలు విసిరారు. అద్దెలు పెరిగి, వాహనాలు కమ్ముకుని, చవక గదుల్లో తలదాచుకుంటున్న వృద్ధులు వీధిన పడతారన్నది వాళ్ల భయం. పేదలకు ఇళ్లు, ఆరోగ్య కేంద్రాలు కావాలని ఆ పేట ఆ తర్వాత సాగించిన పోరాటానికి ఈ నిరసన ఊపునిచ్చింది.

1976 మార్చి 27న కింగ్‌డోమ్ తెరుచుకుంది. ఖర్చు 6.7 కోట్ల డాలర్లకు చేరింది. ఇంజినీరు జాక్ క్రిస్టియన్‌సెన్ రూపొందించిన కప్పు వ్యాసం 660 అడుగులు. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా పలుచని కాంక్రీటుతో కట్టిన గుమ్మటాల్లో ప్రపంచంలో అంత పెద్దది అప్పటికి లేదు. ఇంజినీరింగ్‌గా అది నిజంగా గొప్ప పని. ఆ ఏడాదే పీలే అందులో సాకర్ ఆడాడు. క్రైస్తవ ప్రబోధకుడు బిల్లీ గ్రాహం ప్రార్థన సభలు జరిగాయి. సీహాక్స్ ఫుట్‌బాల్ జట్టు, మారినర్స్, కొన్నేళ్లపాటు సోనిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు అక్కడే ఆడాయి. ఊరంతటికీ పనికొచ్చే చోటు కావాలన్న కోరిక ఆ మేరకు తీరింది.

రెండు ఆటలు, రెండు ఆకారాలు

చిక్కంతా జ్యామితిలో ఉంది. క్రికెట్‌లో బంతిని చుట్టూ ఎటైనా కొట్టవచ్చు. బేస్‌బాల్‌లో అలా కుదరదు. మైదానం విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. బ్యాటర్ దాని పిడి దగ్గర నిలబడతాడు. అక్కడి నుంచి లంబకోణంలో సాగే రెండు గీతల మధ్యకే బంతి వెళ్లాలి. ఆటలో ముఖ్యమైనదంతా ఆ మూలలో జరుగుతుంది కాబట్టి ప్రేక్షకుడికి ఆ మూల దగ్గరి కుర్చీలే కావాలి. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం 120 గజాల పొడవు, 53 గజాల పైచిలుకు వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం. దానికి మంచి కుర్చీలంటే పొడవు వైపు నడిమధ్యన ఉండేవి. ఈ రెండు మైదానాలూ పట్టేలా గుండ్రటి గిన్నె కడితే, ఏ ఆట చూడటానికి వచ్చినవాడికైనా ఆట దూరంగానే ఉంటుంది.

రెండో తేడా జనం సంఖ్యలో ఉంది. ఆ రోజుల్లో సొంత ఊళ్లో ఫుట్‌బాల్ జట్టు ఏడాదికి 8 లీగ్ మ్యాచ్‌లు ఆడేది. బేస్‌బాల్ జట్టు 81 ఆడుతుంది. ఎనిమిది రోజుల కోసం అరవై వేల కుర్చీలు నింపడం సాధ్యమే. 81 రోజులు నింపడం కుదరని పని. పైగా మారినర్స్ 1991 దాకా ఒక్క సీజన్‌లో కూడా ఓటముల కన్నా ఎక్కువ గెలుపులు సాధించలేదు. ఖాళీ కుర్చీల మధ్య కూర్చున్నవాళ్లకు ఆట మీద ఉత్సాహం ఎలా కలుగుతుంది?

మూడోది వాతావరణం. సియాటిల్ వాన ఎక్కువగా చలికాలంలో కురుస్తుంది. బేస్‌బాల్ జోరుగా సాగే జులై, ఆగస్టుల్లో అక్కడ ఆకాశం నిర్మలంగా, ఎండ హాయిగా ఉంటుంది. ఏడాదిలో బయట కూర్చోవడానికి అనువైన ఆ కొద్ది వారాలూ జనం కాంక్రీటు కప్పు కింద, కృత్రిమ గడ్డి ముందు గడపాల్సి వచ్చింది.

పెంకులు రాలిన రోజు

1994 జులై 19న మ్యాచ్‌కు గేట్లు తెరవడానికి అరగంట ముందు, లోకప్పుకు అతికించిన పెంకులు నాలుగు ఊడి కుర్చీల మీద పడ్డాయి. ఒక్కొక్కటీ దాదాపు 12 కిలోల బరువు. స్టేడియం మూతపడింది, మారినర్స్ పరాయి ఊళ్లు తిరిగి ఆడారు. మరమ్మతు పనిలో క్రేన్ ప్రమాదం జరిగి ఇద్దరు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఖర్చు 5.1 కోట్ల డాలర్లయింది. స్టేడియం కట్టడానికే అయింది 6.7 కోట్లు.

అప్పటికే 1992లో బాల్టిమోర్ నగరం బేస్‌బాల్ కోసమే క్యామ్డెన్ యార్డ్స్ కట్టి, జనాన్ని ఆటకు దగ్గరగా కూర్చోబెట్టి చూపించింది. సియాటిల్‌లోనూ కొత్త మైదానం కోరిక మొదలైంది. 1995 సెప్టెంబరులో దాని కోసం అమ్మకం పన్ను పెంచుదామన్న ప్రతిపాదనను కింగ్ కౌంటీ ఓటర్లు స్వల్ప తేడాతో తిరస్కరించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మారినర్స్ అద్భుతంగా పుంజుకున్నారు. అక్టోబరు 8న న్యూయార్క్ యాంకీస్ జట్టుతో నిర్ణాయక మ్యాచ్ 11వ ఇన్నింగ్స్‌లో మారినర్స్ ఆటగాడు ఎడ్గార్ మార్టినెజ్ కొట్టిన దెబ్బకు సహచరుడు కెన్ గ్రిఫీ జూనియర్ మొదటి బేస్ నుంచి పరుగెత్తి వచ్చి గెలుపు తెచ్చాడు. ఊరు ఊగిపోయింది. కొద్ది రోజులకే రాష్ట్ర శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై, రెస్టారెంట్ బిల్లుల మీద, అద్దె కార్ల మీద పన్నులతో నిధులకు దారి చేసింది. ఓటర్లు కాదన్నదే వేరే పన్నుల రూపంలో వచ్చింది.

1999 జులై 15న సేఫ్‌కో ఫీల్డ్ తెరుచుకుంది. ఇప్పుడు దాని పేరు టీ-మొబైల్ పార్క్. ఖర్చు 51.7 కోట్ల డాలర్లు. అంచనా దాటిన భాగాన్ని జట్టు యాజమాన్యం భరించింది. వాన వస్తే మూడు భారీ పలకలు చక్రాల మీద కదిలి పైభాగాన్ని కప్పుతాయి. పక్కలు తెరిచే ఉంటాయి కాబట్టి గాలి ఆడుతూనే ఉంటుంది. ఒక్క ఆట కోసం, ఒక్క ఊరి వాతావరణం కోసం ఆలోచించి కట్టారు కాబట్టే అది ఆటకు చక్కగా కుదిరింది.

ఇక సీహాక్స్ యజమాని జట్టును కాలిఫోర్నియాకు తరలిస్తానన్నాడు. కొనడానికి ముందుకొచ్చిన మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్ కొత్త స్టేడియం కావాలని షరతు పెట్టాడు. 1997 జూన్‌లో రాష్ట్ర ఓటర్లు 51 శాతంతో ఔనన్నారు. 43 కోట్ల డాలర్ల ఆ పథకంలో 30 కోట్లు ప్రజల సొమ్ము. ఆ కొత్త స్టేడియం కోసం 2000 మార్చి 26న కింగ్‌డోమ్‌ను పేలుడు పదార్థాలతో 17 సెకన్లలోపే నేలమట్టం చేశారు. అదే స్థలంలో 2002లో వచ్చిన ఫుట్‌బాల్ స్టేడియమే నేటి లూమెన్ ఫీల్డ్.

లెక్క ఎవరికి తేలింది

కూల్చేనాటికి కింగ్‌డోమ్ తాలూకు అప్పు ఇంకా భారీగానే మిగిలి ఉంది. కట్టిన ఖర్చుతో పాటు మరమ్మతుల భారం అందులో చేరింది. హోటల్ గదుల మీద పన్నుతో దాన్ని తీర్చుకుంటూ వచ్చి, 2015లో గానీ కౌంటీ బయటపడలేదు. స్టేడియం నిలిచింది 24 ఏళ్లు. లేని స్టేడియానికి వాయిదాలు కట్టింది మరో 15 ఏళ్లు.

ఒక్క డోమ్ స్థానంలో వచ్చిన రెండు స్టేడియాల ఖర్చు దాదాపు 95 కోట్ల డాలర్లు. మధ్యలో డాలరు విలువ తగ్గిన సంగతి లెక్కలోకి తీసుకున్నా, ఇది డోమ్ ఖర్చుకు నాలుగు రెట్లు దాటుతుంది. ఆట చూసేవాడికి మేలు జరిగిన మాట నిజం. ఆ మేలులో మ్యాచ్ టికెట్ ఎన్నడూ కొననివాడి డబ్బు కూడా ఉందన్నదీ అంతే నిజం.

కింగ్‌డోమ్ బలం చాలక కూలలేదు. పెంకులు రాలాయి గానీ గుమ్మటం గట్టిగానే నిలిచింది. అది ఎన్నాళ్లు నిలుస్తుందని ఇంజినీర్లు వేసిన లెక్క తప్పలేదు. జట్లు ఎన్నాళ్లు అందులో ఉంటాయన్న లెక్కను ఎవరూ గట్టిగా వేయలేదు. ఏ ఊరైనా స్టేడియం కోసం అప్పు చేసేముందు ఒప్పందంలో మూడు విషయాలు రాసి ఉన్నాయో లేదో పౌరులు చూసుకోవాలి: అప్పు తీరేదాకా జట్టు అక్కడే ఆడాలి, మరమ్మతులు ఎవరు భరిస్తారో ముందే తేలాలి, జట్టు మధ్యలో వెళ్లిపోతే మిగిలిన వాయిదాలు దాని యజమానే కట్టాలి. ఈ మూడూ లేని చోట నష్టం వస్తే అది చివరికి పడేది పన్ను కట్టేవాడి మీదే.