గోలీ ఒక్కటే... ధరలు బోలెడు!

వనపర్తి దవాఖానలో డాక్టరు గారు మందుల చీటి రాసిచ్చారు. లోపలి కౌంటర్‌లో కొన్ని గోలీలు ఉచితం. బయట మెడికల్ షాపులో అదే గోలీకి ఒక ధర, కేంద్రం పెట్టిన చౌక మందుల దుకాణం జన ఔషధిలో ఇంకో ధర. ఈ ఒక్క చీటి వెనుక ఎన్ని వింతలున్నాయో! పదండి, ఒక్కొక్కటే విప్పుదాం.

మీకు తెలుసా? పేదలకు ఉచితంగా వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ తొలి అడుగు వేసింది మన పాలమూరులోనే, అంటే మహబూబ్‌నగర్‌లోనే! 2007 ఏప్రిల్ 1న మూడంటే మూడు జిల్లాల్లో మొదలైంది: మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. అప్పటికి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. ఏప్రిల్ ఒకటో తారీఖే అయినా, ఇది ఏప్రిల్ ఫూల్ కాదండోయ్!

మొదట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర దాకా వైద్యం, తప్పనిసరైతే ఇంకో 50 వేలు. మరి ఇప్పుడు? తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఏకంగా 10 లక్షలు!

ఇదే పథకంలో చాలామంది కళ్లకు కనపడని ముక్క ఒకటుంది. ఆపరేషన్ అయ్యి ఇంటికి వెళ్లేటప్పుడు ఇచ్చే పది రోజుల మందులు కూడా ప్యాకేజీలోవే! డిశ్చార్జి కాగితం చేతికి రాగానే ఆటో ఎక్కేయకండి. ఆసుపత్రిలో ఈ పథకం సాయకులు, ఆరోగ్యమిత్ర, ఉన్నది అడగడానికే. మందుల కవరు అడిగి మరీ తీసుకోండి.

మీకు తెలుసా? చీటి రాసే డాక్టర్లూ ఇప్పుడు మన దగ్గరే తయారవుతున్నారు. 2022 నవంబరు 15న తెలంగాణలో ఒక్కరోజే 8 ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. అందులో రెండు మనవే: వనపర్తి, నాగర్‌కర్నూల్! చెరో 150 సీట్లు. రెండేళ్లకు గద్వాల కూడా 50 సీట్లతో వచ్చి వరసలో నిలబడింది. ఒకప్పటి ఒక్క జిల్లా నుంచి ఇంతమంది డాక్టర్లు!

ఇక జన ఔషధి సంగతి. మొదటి దుకాణం ఎక్కడ తెరిచారో చెప్పుకోండి చూద్దాం! ఢిల్లీలో కాదు, ముంబైలో కాదు. పంజాబ్‌లోని అమృత్‌సర్ ప్రభుత్వాసుపత్రి ఆవరణలో, 2008 నవంబరు 25న. చీటి రాసే చోటే చౌక షాపు! 2014 నాటికి దేశం మొత్తం మీద 80 దుకాణాలే. 2025 జనవరికల్లా? 15,000! లెక్క తప్పు చదవలేదు, సున్నాలు సరిగ్గానే ఉన్నాయి.

అక్కడ ధర ఎంత తక్కువ? పేరున్న బ్రాండ్లతో పోలిస్తే 50 నుంచి 80 శాతం తక్కువ. శానిటరీ ప్యాడ్ అయితే 2019 నుంచి ఒక్కటి ఒక్క రూపాయి. రూపాయికి చాక్లెట్ కూడా గట్టిగా రాని రోజుల్లో!

మీకు తెలుసా? జన ఔషధి పెట్టడానికి 120 చదరపు అడుగుల చోటు చాలు. ఒక చిన్న గది! కానీ ఫార్మసీ చదివిన మనిషి మాత్రం ఉండి తీరాలి. గది ఎంత చిన్నదైనా చదువు చిన్నది కాకూడదు మరి.

ఇది వినండి! 2023 జూన్‌లో కేంద్రం ఒక నిర్ణయం తీసుకుంది: దేశంలో 2,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు జన ఔషధి కేంద్రాలు తెరవవచ్చని. అంటే మన సింగిల్ విండోలన్నమాట! ఓ పక్క యూరియా, ఓ పక్క బీపీ గోలీలు. బస్తాలు మాత్రం కలిసిపోకుండా చూసుకోవాలి!

గోలీ ధరల వింతలు మన దగ్గరే కాదు, ఇప్పుడు విమానం ఎక్కండి. మీకు తెలుసా? అమెరికాలో ఓ పెద్ద మందుల రాయితీ పథకాన్ని అందరూ నంబరుతోనే పిలుస్తారు: 340బీ! చట్టంలో అది ఏ సెక్షన్‌లో ఉందో ఆ నంబరే దాని పేరైపోయింది. 1992 నాటిది. పేదలను చూసే ఆసుపత్రులకు, క్లినిక్‌లకు మందుల కంపెనీలు తగ్గించిన ధరకే అమ్మాలి.

ఆసుపత్రికి సొంత షాపు లేకపోతే? బయటి షాపుతో ఒప్పందం! 1996లో ఒక్క షాపుతోనే అన్నారు. 2010లో ఎన్నింటితోనైనా సరే అన్నారు. ఇంకేం! అప్పటికి 1,300 దాకా ఉన్న ఒప్పందపు షాపులు 2017కల్లా దాదాపు 20,000 అయ్యాయి. ఏడేళ్లలో పదిహేనింతలు!

2023లో ఆ పథకం కింద కొన్న మందుల విలువ 6,630 కోట్ల డాలర్లు. రూపాయల్లో సుమారు ఐదున్నర లక్షల కోట్లు. తెలంగాణ 2024-25 బడ్జెట్‌కు దాదాపు రెండింతలు! మందులకే!

అసలు వింత ఇది. బయట మార్కెట్లో మందు ధరను కంపెనీ మరీ వేగంగా పెంచుకుంటూ పోతే, 340బీ లెక్కలో రాయితీ కూడా అలాగే పెరిగిపోతుంది. పెరిగి పెరిగి ధర సున్నాకు దిగితే? అప్పుడు కంపెనీ తీసుకోవాల్సింది ఒక్క సెంటు. మన లెక్కలో రూపాయి కూడా కాదు! బయట కొండెక్కిన మందు లోపల చిల్లర పైసకు!

మరి ఆ రాయితీ లాభం రోగి జేబుకు చేరిందా? చేరాలని ఆ చట్టంలో లేదు! 2018లో వచ్చిన నివేదిక కోసం అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 55 ఆసుపత్రులను, క్లినిక్‌లను అడిగింది. ఒప్పందపు షాపుల్లో కొన్నింటిలోనైనా పేదలకు ధర తగ్గిస్తున్నామన్నవి 30 మాత్రమే. ఈ ఒక్క విషయంలో మన జన ఔషధే నయమంటాను: తగ్గిన ధర స్ట్రిప్ మీదే అచ్చేసి ఉంటుంది, కొన్నవాడి చేతికే వస్తుంది.

మీకు తెలుసా? విమానం దిగి హైదరాబాద్‌లో బస్సెక్కితే, జడ్చర్ల దగ్గరికి రాగానే కిటికీలోంచి చూడండి. అక్కడి పోలేపల్లి సెజ్‌లో తయారయ్యే గోలీలు అమెరికా దాకా వెళతాయి. పాలమూరు గోలీ, డాలర్ ధర!

ఇక మళ్లీ మన చీటి దగ్గరికి. దాని మీద రాత అర్థం కాలేదా? మందు అసలు పేరును చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే భారత వైద్య మండలి నిబంధన మార్చింది. చేతిరాతకూ గెజిట్!

ఆఖరి ప్రశ్న. దేశం బయట మొదటి జన ఔషధి కేంద్రం ఎక్కడ? 2024 జులై 17న, మారిషస్‌లో! మన తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్న దీవి, ఉగాదికి దేశమంతా సెలవిచ్చే దీవి. అంటే అక్కడ పచ్చడి మనదే, షుగర్ గోలీ కూడా మనదే!