గొంతుగ్రంథి వ్యాధులు – అణువైద్యము

మన మెడ ముందుభాగమున, శ్వాసనాళమును ఆనుకొని, సీతాకోకచిలుక ఆకారముగల చిన్న గ్రంథి యొకటి కలదు. దీనిని థైరాయిడ్ గ్రంథి యందురు; పాఠ్యపుస్తకములలో అవటు గ్రంథి యను పేరు కూడ వాడుకలో నున్నది. చూచుటకు చిన్నదే యైనను, శరీరమంతటి పనివేగమును నిర్ణయించు హార్మోనులను ఇదియే తయారుచేయుచున్నది. అవి మితిమీరినచో గుండెదడ, చేతులవణుకు, ఎంత తిన్నను చిక్కిపోవుట సంభవించును. కొందరికి కనుగ్రుడ్లు ముందుకు పొడుచుకొని వచ్చును. తక్కువైనచో బద్ధకము, ముఖము ఉబ్బుట, చలికి తాళలేకుండుట కలుగును. పుట్టుకతోనే ఈ లోపమున్న శిశువునకు సకాలమున చికిత్స జరుగనిచో బుద్ధి వికసింపదు.

ఈ గ్రంథికి ఒక విశేషగుణము కలదు. ఆహారముద్వారా రక్తములో చేరిన అయోడిన్‌ను ఏరి తనలో కూడబెట్టుకొనును. మామూలు అయోడిన్‌కును, రేడియోధార్మికమైన అయోడిన్‌కును అది భేదమెరుగదు. కావున రేడియోధార్మిక అయోడిన్‌ను కొద్దిగా మ్రింగించినచో అది చేరవలసిన చోటికి తనంతతానే చేరును. థైరాయిడ్ వ్యాధులలో అణువైద్యమునకు ఆధారము ఈ గుణమే.

రేడియోధార్మిక పదార్థములను జాడ తెలుపు గుర్తులుగా వాడు పద్ధతిని కనుగొన్నందులకు జార్జి హెవెసీకి 1943 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. 1941లో అమెరికాలోని బోస్టన్ నగరమున సాల్ హెర్ట్‌జ్ అను వైద్యుడు థైరాయిడ్ రోగికి రేడియోధార్మిక అయోడిన్‌తో తొలిసారిగా చికిత్స చేసెను. మన దేశమున 1956లో ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయ నారంభించినది. 1963లో బొంబాయిలో రేడియేషన్ మెడిసిన్ సెంటరు వెలసినది. నేడు హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థయందును, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థయందును అణువైద్య విభాగములు కలవు.

పరీక్ష జరుగు విధమిది. రోగికి టెక్నీషియం అను రేడియోధార్మిక పదార్థమును స్వల్పముగా సూదిద్వారా ఎక్కింతురు. గ్రంథి దానిని గ్రహించును. అందుండి వెలువడు గామా కిరణములను కెమెరా పట్టి చిత్రముగా చూపును. ఈ పదార్థము ప్రతి 6 గంటలకు సగమగును. ఒక దినము గడచునప్పటికి పదునారవ వంతు మాత్రమే మిగులును.

ఈ పరీక్షవలన కలుగు మేలును ఒక ఉదాహరణముతో గ్రహింపవచ్చును. గుండెదడ, వణుకు, చిక్కిపోవుట అను లక్షణములతో ఇద్దరు రోగులు వచ్చిరనుకొందము. ఒకరిలో గ్రంథి అతిగా పనిచేయుచు హార్మోనును తయారుచేయుచున్నది. చిత్రములో అది ఉజ్జ్వలముగా కనిపించును. రెండవవారిలో గ్రంథికి శోథ, అనగా తాపముతో కూడిన వాపు, కలిగి, నిలువయున్న హార్మోను రక్తములోనికి కారిపోవుచున్నది; చిత్రములో గ్రంథి దాదాపు కనిపింపదు. మొదటివారికి హార్మోనును తగ్గించు చికిత్స అవసరము. రెండవవారి వ్యాధి తరచుగా కొన్ని వారములలో తగ్గుముఖము పట్టును. లక్షణములు ఒకటియే యైనను చికిత్స వేరు.

చికిత్సకు వాడునది అయోడిన్-131. దీని బీటా కిరణములు కణజాలములో ఇంచుమించు 2 మిల్లీమీటర్లకు మించి పోవు. అందుచే గ్రంథిలోని కణములు నశించునుగాని చుట్టుప్రక్కల భాగములకు హాని స్వల్పము. కత్తితో పనిలేదు. గుణము కనిపించుటకు కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. పిదప హార్మోను తక్కువగుట సాధారణము. అట్టివారు ప్రతిదినము థైరాక్సిన్ మాత్రను జీవితాంతము వాడవలెను. కొన్ని రకముల థైరాయిడ్ క్యాన్సరునకు శస్త్రచికిత్స తరువాత ఇదే మందును ఎక్కువ మోతాదులో ఇచ్చి, రోగిని కొలది దినములు ప్రత్యేకమైన గదిలో ఉంచుదురు.

ఇతర శోథవ్యాధులందును అణువైద్యము ఉపకరించుచున్నది. రోగి రక్తమునుండి తీసిన తెల్లకణములకు రేడియోధార్మిక పదార్థమును జోడించి తిరిగి ఎక్కించినచో, అవి చీముపట్టిన చోటికి చేరి, లోపల దాగియున్న వ్యాధిస్థానమును వైద్యునికి తెలియజేయును.

గర్భిణులకు అయోడిన్-131 ఇవ్వరాదు. పాలిచ్చు తల్లి చికిత్సకు ముందే బిడ్డకు పాలు మాన్పించవలెను. చికిత్స పిమ్మట వైద్యులు చెప్పిన గడువువరకు గర్భము రాకుండ చూచుకొనవలెను.

ఇక పంచాయతీ సభ్యులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. అయోడిన్ చికిత్స పొంది ఇల్లు చేరినవారిని చూచి ఇరుగుపొరుగువారు జంకుట, నూతివద్దకు రానీయకుండుట జరుగవచ్చును. ఇది అంటువ్యాధి కాదు. అయోడిన్-131 ప్రతి 8 దినములకు సగమగును. అంతేగాక చాల భాగము మూత్రముద్వారా త్వరగా వెలికిపోవును. వైద్యులు చెప్పినన్ని దినములు రోగి వేరుగా పరుండవలెను. పసిపిల్లలకు, గర్భిణులకు దూరముగా నుండవలెను. మరుగుదొడ్డిని వాడిన పిమ్మట రెండుమార్లు నీరు పోయవలెను. ఆ గడువు తీరిన పిదప వారిని ఎప్పటివలె కలుపుకొనుట గ్రామధర్మము. ఈ మాటను సభ్యులే ముందుగా చెప్పినచో భయము తొలగును. లేనిచో, వెలివేతకు వెరచి చికిత్సకే పోనివారు ఏర్పడుదురు.

నివారణకు సంబంధించిన పని మన గ్రామములోనే యున్నది. ప్రభుత్వము 1962లో గాయిటర్ నివారణ కార్యక్రమమును ప్రారంభించినది. వినియోగదారుని చేతికి వచ్చు కిలో ఉప్పునందు అయోడిన్ 15 మిల్లీగ్రాములకు తక్కువ కారాదు. ఉప్పును మూతగల డబ్బాలో, తడి తగులనిచోట ఉంచవలెను. పరీక్షద్రవము చుక్క వేసినచో అయోడిన్‌గల ఉప్పు నీలివర్ణమునకు మారును. అంగళ్లలోని ఉప్పును ఆరోగ్య కార్యకర్తచే ఇట్లు పరీక్షింపజేయవచ్చును. అయోడిన్ ఉప్పు లోపమును నివారించునుగాని, ముదిరిన వ్యాధికి మందు కాదు. మెడవాపు, విడువని గుండెదడ, కారణము తెలియని చిక్కుదల కనిపించినవారిని తాయెత్తులతో కాలము గడపనీయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను.